తనంతట తాను నడిచే మిషను

ఆ రోజుల్లో నాకు ఒక గట్టి నమ్మకం ఉండేది. స్క్రూ ఉన్న ప్రతి వస్తువూ విప్పడానికే పుట్టిందనీ, విప్పినవాడికి దాని గుట్టు తెలిసిపోతుందనీ, తిరిగి బిగించాక ఒకటో రెండో ముక్కలు మిగిలితే అవి కంపెనీవాడు తెలియక ఎక్కువ వేసినవనీ. ఈ నమ్మకంతోనే మా ఇంటి గోడగడియారాన్నీ, నాన్న రేడియోనూ, పక్కింటి మిక్సీనీ వరసగా మూలన కూర్చోబెట్టాను. ఇంట్లోవాళ్ళు దీన్ని తెలివి అనుకుని నన్ను కర్నూల్లో మెకానికల్ డిప్లొమాలో చేర్పించారు. మూడేళ్ళ చదువును నాలుగున్నరేళ్ళలో ముగించుకుని (ఆలస్యానికి కారణం లెక్కలు, ఆ సంగతి ఇక్కడ వద్దు) కోడుమూరుకు తిరిగొచ్చేసరికి నా అసలు పేరును ఊరు మరిచిపోయింది. చిన్నా పెద్దా అందరూ 'డిప్లొమా' అనే పిలిచేవారు. అందులో వెటకారం ఎంతో, గౌరవం ఎంతో విడదీసి చూసే వయసు కాదు కాబట్టి, పిలిచినప్పుడల్లా చొక్కా కాలరు సర్దుకునేవాణ్ణి.

మా కోడుమూరు వైపు గడ్డి అంటే పశువులకు వేసేది. అదీ వాన పడితే. అలాంటిచోట మా చర్చి ముందర మనుషులు చూడడానికే గడ్డి పెంచారంటే బయటివాళ్ళు ఇప్పటికీ నమ్మరు. బెంగళూరులో స్థిరపడిన మా సంఘం కుటుంబం ఒకటి, అక్కడి చర్చీల ముందున్న పచ్చిక చూసి ముచ్చటపడి, ఇక్కడ బోరు వేయించి, చాపల్లా చుట్టిన గడ్డిని లారీలో పంపించింది. మొదటి నెలంతా ఊరు ఊరే వచ్చి చూసిపోయింది. గొర్రెలవాళ్ళు గేటు దగ్గర నిలబడి నిట్టూర్చేవారు. 'ఇంత గడ్డి పెట్టుకొని ఒక్క గొర్రెనన్నా లోపలికి రానీరు, ఇదేం భక్తప్పా' అన్నాడు ఒకాయన (దానికి తగిన జవాబు కోసం పాస్టరయ్య వారం రోజులు ఆలోచించి, చివరికి వదిలేశారు).

ఆ గడ్డి బాగోగులు చూసేది మా మేనత్త. మామ పోయినప్పటి నుంచీ చర్చి ఊడ్చి, మొక్కలకు నీళ్ళు పట్టి, గంట కొట్టి, కాంపౌండు వెనకనున్న ఒంటిగదిలో ఉండేది. ఆ పనితోనే ఆ గది; పని పోతే గది కూడా పోతుంది. పచ్చిక వచ్చాక ఆమెకు కొత్త పని పడింది. గొంతుకూర్చుని, కొడవలితో, మూరెడు మూరెడు జరుగుతూ మొత్తం కోసేది. ఈ చివర కోసి ఆ చివరికి పోయేసరికి ఈ చివర మళ్ళీ పెరిగేది. రెండేళ్ళు తిరిగేలోగా మోకాళ్ళు పట్టేశాయి. లేవాలంటే గోడ కావాలి, కూర్చోవాలంటే ప్రార్థన కావాలి అన్నట్టు తయారైంది.

సంఘం సెక్రెటరీ ఒక రిటైరైన లెక్కల మాస్టరు. బడిలో ఆయన చేతిలో ఎప్పుడూ ఒక రూళ్ళకర్ర ఉండేది కాబట్టి, రిటైరైనా రూళ్ళకర్ర సారే. చెడ్డమనిషి కాదు గానీ, ఏ విషయమైనా గీత గీసి ఇటో అటో తేల్చాలంటాడు. అత్త అవస్థ చూసి ఆయన బెంగళూరుకు ఫోన్ చేస్తే, వాళ్ళు తమకు తెలిసినవాళ్ళ గెస్ట్‌హౌస్‌లో వాడి పక్కన పెట్టిన గడ్డికోసే మిషను ఒకటి పంపించారు. ఇంజను ఉన్నది, కింద బ్లేడు తిరిగేది, నాలుగు చక్రాలది. ఆదివారం ఆరాధన అయ్యాక సారు మైకులో దాని గుణగణాలన్నీ ప్రకటించాడట. నేను ఆ ఆదివారం ఏదో ఇంటర్వ్యూకని కర్నూలుకు పోయి ఉండడంతో వినలేకపోయాను. వినుంటే ఈ కథ సగానికి సగం తగ్గేది.

మిషను రెండు రోజులు బాగానే నడిచిందట. మూడో రోజు నుంచి ఇంజను తిరుగుతుంది, బ్లేడు తిరుగుతుంది, చక్రాలు మాత్రం కదలవు. దూడంత బరువున్న ఇనుమును మోకాళ్ళ నొప్పులమనిషి ఎంతదూరం తోస్తుంది? పది అడుగులు తోసి కూలబడేది. సారు గీత గీసేశాడు. వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత కమిటీ కూర్చుంటుంది. ఆలోగా మిషను నడిచి, దాన్ని నడపడం అత్తకు చేతనైతే సరి. లేకపోతే కాంపౌండు పని మొత్తం కర్నూలు కాంట్రాక్టరుకు. అతను తన మనుషులతో, తన మిషన్లతో వస్తాడు. ఆ మనుషులకు గది కూడా కావాలి.

సారు నాకు ఫోన్ చేశాడు. 'డిప్లొమా, మన మిషనుకు సెల్ఫ్ పనిచేయడంల్యా. రవ్వంత వచ్చి చూడప్పా' అన్నాడు. మన వైపు సెల్ఫ్ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. బండికి కిక్కు కొట్టకుండా, బొటనవేలితో నొక్కితే ఇంజను స్టార్టయ్యే బటను. నేను డిప్లొమా చదివేటప్పుడు మూడు నెలలు ఒక బండ్ల షాపులో చేతులు మసి చేసుకున్నవాణ్ణి. సెల్ఫ్ మీద నాకు తెలియనిది లేదు. 'సెల్ఫ్ అంటే బ్యాటరీ దిగుంటాది సార్, లేకుంటే వైరు తెగుంటాది. పది నిమిషాల పని' అన్నాను. ఫోన్ పెట్టేశాక అమ్మతో కూడా అన్నాను, అత్త ఉద్యోగం ఇక నా చేతిలో ఉన్నట్టేనని.

సోమవారం పొద్దున్నే నా బండి బ్యాటరీ పీకి, సంచిలో వేసుకుని వెళ్ళాను. మిషను చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. బటను లేదు. తలకిందులు చేసి చూశాను. వైరు లేదు. బ్యాటరీ పెట్టే చోటు లేదు. సెల్ఫ్ మోటరు ఉండాల్సిన చోట సాఫీగా ఇనుప రేకు. ఇంత బాగా దాచిపెట్టిన సెల్ఫ్‌ను నేనెప్పుడూ చూడలేదు, కంపెనీవాడి పనితనాన్ని లోలోపల మెచ్చుకున్నాను కూడా. మధ్యాహ్నం దాకా వెతుకుతూనే ఉన్నాను. అత్త వేపచెట్టు నీడలో కాళ్ళు చాపుకుని నన్నే చూస్తోంది.

'ఏం వెతుకుతాండావురా అల్లుడా?'

'సెల్ఫ్ అత్తా. యాడుండాదో కనపడల్యా.'

'దాంట్లో ఏంటికుంటాది? ఆ మిషనే గదా సెల్ఫ్.'

నేను జాలిగా నవ్వాను. చదువుకోని మనిషి కదా. ఆమె లేచి వచ్చి, హ్యాండిలు దగ్గరున్న తాడు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. ఇంజను టపటపమని అందుకుంది. 'ఇది స్టార్టు కాదనే గదా నీవు చెప్పేది? దీనికేమీ రోగం ల్యా. సెల్ఫ్ అంటే ఎవురూ తోయకుండా తనంతట తాను నడిచేదని సారు మైకులో చెప్పె. ఆ నడకే పోయింది' అంది.

రేకు మీద అతికించిన కాగితాన్ని మళ్ళీ తుడిచి చూస్తే నిజమే, సెల్ఫ్ అన్న మాట పక్కన ప్రొపెల్డ్ అన్న మాట కూడా ఉంది. పొద్దున నేను మొదటి మాట చదివి రెండోదాన్ని కంపెనీ పేరు అనుకున్నాను. బ్యాటరీని తువ్వాల్లో చుట్టి మెల్లగా సంచిలోకి తోశాను. అత్త వేపచెట్టు నీడకు తిరిగి పోయింది.

ఇబ్బంది కాస్త తగ్గాక నాకు కొత్త ఉత్సాహం పుట్టింది. ఇంజను బలం చక్రం దాకా ఎలా పోతుంది? నిజం చెప్పాలంటే, డిప్లొమా నాలుగున్నరేళ్ళలో నా అంతట నేను అడిగిన మొదటి ప్రశ్న అది. మంగళవారమంతా ఫోన్‌లో వీడియోలు చూశాను. ఒక దొర, మా వంటింటికంటే శుభ్రమైన షెడ్డులో నిలబడి ఏమేమో చెబుతున్నాడు. మాటలు సగం అర్థం కాకపోయినా దారి అర్థమైంది. హ్యాండిలు మీద ఒక లివరు. దాన్ని నొక్కితే ఒక కేబులు లాగుతుంది. కేబులు లాగితే ఒక బెల్టు బిగుస్తుంది. బెల్టు బిగుస్తే వెనక ఇరుసు తిరుగుతుంది. ఇరుసు చివరనున్న చిన్న పళ్ళచక్రం, పెద్ద చక్రం లోపలి పళ్ళను పట్టి తిప్పుతుంది. ఇంత గొలుసులో ఎక్కడ తెగిందో వెతకాలి, అంతే. రాత్రంతా కళ్ళు మూస్తే బెల్టులే తిరిగాయి.

బుధవారం కేబులు చూశాను. వదులుగా వేలాడుతోంది. బిగించాను. లివరు నొక్కితే చక్రాలు ఒకసారి ఉలిక్కిపడి ఆగిపోయాయి. ఆ ఉలికిపాటు చూసి నేనూ అత్తా ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ప్రాణం ఉంది. ఇక బెల్టు మీదున్న మూత తీశాను. లోపల ఎర్రమట్టి, గడ్డి పీచు, పల్లేరుకాయలు. అవన్నీ పీకి బెల్టును పట్టుకుంటే చేప జారినట్టు జారిపోయింది. వేళ్ళు వాసన చూశాను. ఇంజనాయిలు వాసన కాదు. ఎక్కడో తిన్న వాసన. మిరపకాయ బజ్జీలు గుర్తొచ్చాయి.

'అత్తా, దీనికి ఏమన్నా పూసినావా?'

అత్త కొంగు సర్దుకుంది. 'రెండో దినం కీచు కీచుమంటాండె. పాపం, ఎండిపోయిందేమోనని రవ్వంత శెనిక్కాయల నూనె పోసినా. అరవడం మానె.'

'నడవడం కూడా మానె గదత్తా.'

'అవునా? నేను దానికీ దీనికీ ముడిపెట్టుకోల్యా. తలుపు కీచుమంటే నూనె, బావిగిలక కీచుమంటే నూనె. దీనికి మటుకు వద్దని నాకెవురు చెప్పినారు?'

ఆమె మాట న్యాయమే. ప్రపంచంలో కీచుమనే వస్తువులన్నిటికీ నూనె మందు, ఒక్క బెల్టుకు తప్ప. అది పట్టి లాగాలి కాబట్టి జారకూడదు. ఆమె ఒక్కసారిగా బెదిరిపోయింది. 'సారుకు తెలిస్తే మిషన్నే చెడగొట్టిందంటాడేమో అల్లుడా. ఈ గది ఇడ్సి నేను యాడికి పోవాల?' అంది. నేను చెప్పనని మాటిచ్చి, బెల్టును సబ్బునీళ్ళతో రెండుసార్లు కడిగి, ఆరబెట్టి, ఎక్కించాను.

బుద్ధి ఉన్నవాడైతే అక్కడ ఆగి, తాడు గుంజి చూసేవాడు. మిషను ఆ క్షణానికి బాగైపోయి ఉంది. ఇది నాకు మూడు రోజుల తర్వాత తెలిసింది. కానీ అప్పటికి నాకు ఇరుసు చివరనున్న పళ్ళచక్రాలను చూడాలని ఒకటే దురద. ఎటూ చేతులు మసయ్యాయి కదా అని రెండు చక్రాలూ ఊడదీశాను. లోపల రెండు చిన్న పళ్ళచక్రాలు, వేలి గోరంత ఉక్కుముక్కలు, వాషర్లు. ఎంత ముద్దుగా ఉన్నాయో. అత్త అంట్లు తోమే సత్తుబేసిన్లో డీజిలు పోసి, కుడివీ ఎడమవీ అన్నీ అందులో వేసి, బ్రష్షుతో గలగలా కడిగాను. గుడ్డ మీద ఆరబెడితే అన్నీ తళతళమని మెరిశాయి. ఏది ఎటువైపుదో మాత్రం తెలియలేదు. అయినా రెండూ ఒకలాగే ఉన్నాయి కదా, ఎటుదైతే ఏమిటి అనుకున్నాను. ఈసారి ఒక్క ముక్క కూడా మిగలలేదు. నా జీవితంలో అదే మొదటిసారి కావడంతో ఇక అనుమానమే లేకపోయింది.

గురువారం తాడు గుంజి లివరు నొక్కితే మిషను కదలలేదు. ఉలిక్కిపడనైనా లేదు. వంగి చూశాను. ఇరుసు తిరుగుతోంది. కళ్ళారా చూస్తున్నాను, గిర్రున తిరుగుతోంది. దాని చివరనున్న చక్రం మాత్రం తనకేమీ పట్టనట్టు కూర్చుంది. పైగా చేత్తో తోస్తే మునుపటికంటే బరువు. శుక్రవారం మళ్ళీ విప్పాను, మళ్ళీ బిగించాను. అంతే. ఆకలి కూడా వేయలేదు. భయం ఒకవైపు ఉన్నా, ఇరుసు తిరిగితే చక్రం ఎందుకు తిరగదన్న ప్రశ్న దాన్ని పక్కకు నెట్టేస్తోంది. అత్త మాత్రం తన ట్రంకుపెట్టెలో చీరలు మడిచి పెట్టుకోసాగింది. 'సామాను బెంగళూరు నుంచి రావాల అత్తా' అని అబద్ధం చెప్పబోయి, ఆమె మొహం చూసి మింగేశాను.

శనివారం మధ్యాహ్నం మిషను తోసుకుంటూ బజార్లోకి బయలుదేరాను. బస్టాండు పక్కన సైకిల్ షాపు పెట్టుకున్న చాచా దగ్గరికి. ఆయనకు డెబ్భై దాటాయి, కంటిచూపు సరిగా లేదు, సైకిళ్ళన్నీ చేత్తో తడిమి, చెవితో విని బాగుచేస్తాడు. అరమైలు తోసేసరికి నాకు చెమటలు కారిపోయాయి. దారిలో ఒకాయన 'డిప్లొమా, గడ్డి యాడుండాదని ఈడికి తెచ్చినావు?' అని అడిగాడు. షాపు ముందు మిషనును నీడలోకి పెట్టడానికి రెండడుగులు వెనక్కి లాగాను. కిట్ కిట్ కిట్ మంది.

చాచా తలెత్తాడు. 'ఆగు బేటా. మళ్ళా లాగు.'

లాగాను. కిట్ కిట్.

'ఇప్పుడు ముందుకు తోయి.'

తోశాను. చప్పుడు లేదు. బరువుగా కదిలింది.

ఆయన పక్కనున్న సైకిలు వెనక చక్రాన్ని ఎత్తి ముందుకు తిప్పి వదిలాడు. పెడల్ ఆగే ఉంది, చక్రం కిట్‌కిట్‌మంటూ తిరిగింది. 'సైకిల్ తొక్కడం ఆపితే ముందుకు పోతా కిట్‌కిట్ అంటాది గదా? అట్ల అనాల. నీది వెనక్కి పోతే అంటాండాది. లోపల పట్టేది ఉల్టా ఉండాది బేటా. కుడిది ఎడమకు పడింటాది. ఎవుడు విప్పినాడు దీన్ని?'

'ఎవురో తెలీదు చాచా' అన్నాను.

'ఎవుడో గానీ, శానా తెలివిగలోడు' అన్నాడాయన, నా వైపు చూడకుండానే.

అక్కడే కూర్చుని విప్పాను. ఆ గోరంత ఉక్కుముక్క పళ్ళచక్రం లోపలి వాలుగాడిలో కూర్చుని, ఇరుసు ముందుకు తిరిగినప్పుడు పట్టుకోవాలి, చక్రం దానికంటే ముందు పోతే వదిలేయాలి. నేను అటుది ఇటు వేయడంతో పట్టాల్సినప్పుడు వదులుతోంది, వదలాల్సినప్పుడు పడుతోంది. వంద సైకిళ్ళు తొక్కిన నాకు ఆ కిట్‌కిట్ ఎందుకొస్తుందో ఎప్పుడూ తోచలేదు. ఎంత చిన్న ముక్క, ఎంత పెద్ద ఆలోచన. ఇంజను హోరులో ఆ చప్పుడు నాకు వినిపించలేదు, ఇంజను ఆపినప్పుడు నేను వినలేదు. రెండు పళ్ళచక్రాల మీదా చిన్నగా ఒక్కో అక్షరం చెక్కి ఉంది, కుడికొకటి, ఎడమకొకటి. మూడు రోజులుగా అవి నా కళ్ళ ముందే ఉన్నాయి. ఈసారి వాటిని చూసి బిగించాను.

ఆదివారం ఆరాధన అయ్యింది. కమిటీవాళ్ళు మెట్ల మీద కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. నేను ఇస్త్రీ చొక్కాలో, కాలరు సర్దుకుంటూ నిలబడ్డాను. అత్త తాడు గుంజి, లివరు నొక్కింది. మిషను కదిలింది. ఎవరూ తోయకుండా, దర్జాగా, పచ్చిక మీద గీత గీసినట్టు పోయింది. అత్త వెనకాలే హ్యాండిలు మీద ఊరికే చేతులు ఆనించి, 'నిదానంగా పోప్పా, నిదానంగా' అని దానికి చెప్పుకుంటూ నడిచింది. అటు చివరికి పోయి, తిరిగి, ఇటు చివరికి వచ్చి, లివరు వదిలింది. మిషను ఆగింది. ఆమెకు ఆయాసం లేదు. నాకే ఉంది.

రూళ్ళకర్ర సారు లేచి వచ్చాడు. 'బాగుండాది డిప్లొమా. ఇంతకీ ఏముండె దాంట్లో?'

నేను గొంతు సవరించుకున్నాను. ట్రాన్స్‌మిషన్ అన్న పెద్దమాటను రాత్రే సిద్ధం చేసి పెట్టుకున్నాను. దాన్ని పలికేలోపే అత్త అందుకుంది.

'నూనె సార్. కీచుమంటాంటే నేనే శెనిక్కాయల నూనె పోసినా. దాంతోనే నిలబడిపాయ. పిల్లోడు కడిగి బాగుచేసినాడు.'

ఆ ఒక్క మాటతో ఆమె గది తాళంచెవి ఆయన చేతికిచ్చినట్టే. సారుకు తెలిస్తే గది పోతుందని బెదిరిన మనిషి, అంతమంది ముందు తనే చెప్పేసింది.

'వారం దినాలుగా ఈ మాట ఏంటికి చెప్పల్యామ్మా?' అన్నాడు సారు.

'నన్నెవురడిగినారు సార్? అందరూ డిప్లొమానే అడిగితిరి.'

పాస్టరయ్య ముందు నవ్వారు. తర్వాత కుర్చీలన్నీ నవ్వాయి. సారు నవ్వకూడదని కాసేపు ప్రయత్నించి, కాగితం మీద కాంట్రాక్టరు పేరును అడ్డంగా కొట్టేశాడు. 'ఇంక దాంట్లో నూనె పోయొద్దు' అన్నాడు. 'కూరలోకే చాలడంల్యా, దానికేంటికి పోస్తా సార్' అంది అత్త. పళ్ళచక్రాల సంగతి చెప్పడానికి అదే సరైన సమయం. నా నోరు రెండుసార్లు తెరుచుకుంది కూడా. ఎవరో వచ్చి భుజం తట్టి, డిప్లొమా అంటే ఇట్లుండాల అన్నారు. నోరు మూతపడింది.

ఆ మధ్యాహ్నం అత్త గది గడప మీద కూర్చుని, ఆమె పెట్టిన సంగటి తింటూ సగంలో చెయ్యి ఆపాను. 'అత్తా, నూనె బుధవారమే పోయింది. తర్వాత మూడు దినాలు మిషను నడవకపోయింది నా వల్లనే. కుడిది ఎడమకు, ఎడమది కుడికి బిగించినా' అని చెప్పేశాను.

'తెలుసులే' అంది, ఇంకో గరిటె పప్పు వేస్తూ. 'బేసిన్లో రెండు పక్కలవీ కలిపి గలగలా తిప్పుతాంటే చూస్తానే ఉంటి.'

'మరి అప్పుడే చెప్పొచ్చు గదత్తా?'

'ఏమోనప్పా. డిప్లొమాలో అట్లే కలపమని చెప్పిచ్చింటారేమో అనుకుంటి.'

ఆమె వెక్కిరించలేదు. నిజంగానే అలా అనుకుంది. అందుకే నేను ముందు సిగ్గుపడి, తర్వాత పొలమారేంతగా నవ్వాను. ఆమె కూడా మోకాళ్ళు పట్టుకుని నవ్వింది. ఇప్పుడు నేను కర్నూల్లో ఇంతకంటే చాలా పెద్ద మిషన్ల మధ్య పనిచేస్తున్నాను. ఏది ఆగిపోయినా, విప్పడానికి ముందు దాన్ని రోజూ నడిపే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని అడుగుతాను. ఆ ఇస్త్రీ చొక్కా కుర్రాణ్ణి తలుచుకుంటే కోపం రాదు, కాస్త జాలి వేస్తుంది. అంతమంది ముందు తప్పు ఒప్పుకునే ధైర్యం చాలక, అత్త ఒక్కదాని ముందు ఒప్పుకుని, అదే గొప్ప సాహసం అనుకున్నాడు. ఆమె ముందు ఒప్పుకోవడానికి ధైర్యమే అక్కర్లేదని పాపం వాడికి అప్పటికి తెలియదు.